రాగిరేకు నీడ

పదకొండో వారం

పోయిన వారం మనం ఈశ్వరమ్మని బస్సెక్కించి వదిలేశాం. ఒళ్ళో గుడ్డసంచి, గుప్పిట్లో రిషిత మోచెయ్యి, గుండెలో దడ. ఆ దడ ఎందుకో రెండు ముక్కల్లో గుర్తు చేసుకుని ముందుకి పోదాం.

ఆవిడ కూతురు తేజశ్రీ కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని లండన్‌లో, ఎక్స్-రే టెక్నాలజీ చదువుతోంది. చదువు ఒడ్డుకి వచ్చేసింది. ఆస్పత్రిలో ట్రైనింగ్ జూన్ దాకా సాఫీగా గడిస్తే డిప్లొమా, దాని వెనకే వర్క్ పర్మిట్, దాని వెనకే ఉద్యోగం. పిల్ల సరిగ్గా తినక చిక్కిపోతోందని, ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఈశ్వరమ్మ కందుకూరు నుంచి విజిటర్ వీసా మీద జనవరిలో దిగింది. దిగేటప్పుడు ఆంజనేయస్వామి గుడి పూజారి మంత్రించి ఇచ్చిన రాగి రక్షరేకు కూడా వెంట తెచ్చింది. ఆస్పత్రిలో మెళ్ళో, చేతికీ ఏవీ ఉండకూడదంటూ తేజశ్రీ దాన్ని ముట్టుకోలేదు.

ఎక్స్-రే గదుల్లో పనిచేసేవాళ్ళు అంగీకి ఒక ప్లాస్టిక్ బిళ్ళ తగిలించుకుంటారు. తేజశ్రీ రోజూ అది పెట్టుకుని వెళ్ళి, రోజూ క్షేమంగా తిరిగి వస్తోంది. కాబట్టి పిల్లని కాపాడుతున్నది ఆ బిళ్ళే అని ఈశ్వరమ్మ తేల్చుకుంది. దానికి తోడుగా ఆంజనేయస్వామి కూడా ఉంటే మంచిదని, పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు రక్షరేకుని అంచులు మడిచి బిళ్ళ తొడుగులో దోపేసింది.

మూడు నెలలకోసారి ఆ బిళ్ళలోని ముక్కని ల్యాబ్‌కి పంపుతారని ఆవిడకేం తెలుసు? నిన్న సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. తేజశ్రీ బిళ్ళ మీద ఉండకూడనంత రేడియేషన్ ఉందట. పైగా లోపల ఎవరో లోహం అడ్డం పెట్టిన ఆనవాలు ఉందట. విచారణ తేలేదాకా ట్రైనింగ్‌కి రావద్దు, రేపు పదకొండింటికి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని కలవమని రాశారు.

ఇంకో ముక్క మిగిలింది. ఫిబ్రవరిలో ఈశ్వరమ్మకి నడుం పట్టేస్తే, వీధి చివరి కమలకుమారి గారు ప్లాజాలోని చిన్న క్లినిక్‌కి తీసుకెళ్ళి ఫొటో తీయించారు. ఆలస్యం చేయకుండా ఇంకా పెద్ద స్కాన్ తీయించాలని వాళ్ళొక కాగితం, ఒక సీడీ ఇచ్చారు. పిల్ల చదువు అయ్యేదాకా ఈ మాట పొక్కకూడదని కమలకుమారి గారి చేత ఈశ్వరమ్మ ఒట్టు వేయించుకుంది. తేజశ్రీ గది సర్దినప్పుడల్లా సూట్‌కేసు కూడా సర్దుతుంది. అందుకని ఆ రెండూ పెట్టిన కవరు ఎప్పుడూ ఈ గుడ్డసంచిలోనే, పులిహోర డబ్బా అడుగున ఉంటుంది. ఇప్పుడూ ఉంది.

*

"ఆంటీ, జర చెయ్యి వదులున్రి. గోర్లు దిగుతున్నయ్," అంది రిషిత.

తేజశ్రీతో గది పంచుకునే కరీంనగర్ పిల్ల. కాఫీ షాపులో పన్నెండింటి షిఫ్టు పెట్టుకుని కూడా ఈశ్వరమ్మ కళ్ళనీళ్ళు చూడలేక వెంట బయలుదేరింది. బస్సు నిండా వీపు సంచుల పిల్లలే. ఏ మూల చూసినా మనవాళ్ళ మొహాలే. ఎవరి చెవుల్లో వాళ్ళ పాటలు, ఎవరి కళ్ళల్లో వాళ్ళ నిద్ర. ఇంతమంది తల్లులు తమ పిల్లల్ని ఇక్కడ వదిలి ఎలా అన్నం తింటున్నారో అని ఈశ్వరమ్మకి రోజూ వచ్చే అనుమానం మళ్ళీ వచ్చింది.

"అక్కడ పోలీసులుంటారా రిషితా?"

"ఎక్స్-రే తీసే కాడ పోలీసులెందుకుంటరు ఆంటీ?"

"తప్పు చేసినవాళ్ళని ఇక్కడ విమానం ఎక్కించేస్తారంట గదా. మొన్న టీవీలో చెప్పలా, కాలేజీ లెటర్లు దొంగవని..."

"వాళ్ళ కథ వేరే. మీ బిడ్డ దొంగనా? అది వంకాయలు కొన్నా రసీదు దాసిపెడ్తది." రిషిత నవ్వి, ఆవిడ మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఏమైంది ఆంటీ? గట్ల చూస్తున్నరేంది?"

చెప్పేద్దామా అని నాలుక చివరిదాకా వచ్చింది. నిన్న సాయంత్రం నుంచి ఇలా నాలుగైదు సార్లు వచ్చి వెనక్కి పోయింది. రాత్రి తేజశ్రీ అన్నం ముందు కూర్చుని, "నేనేం చేశానమ్మా, నేనేం చెయ్యలేదే," అని కంచంలో మెతుకులు లెక్కపెడుతుంటే కూడా నోరు పెగల్లేదు. చెబితే పిల్ల అసహ్యించుకుంటుందని ఒక భయం. చెప్పకపోతే పిల్ల బతుకు పోతుందని ఇంకో భయం. ఆవిడ జీవితంలో భయాలు ఎప్పుడూ జంటగానే వస్తాయి.

"ఏం లేదు. నన్ను ఆ గది గుమ్మం దాకా దింపితే చాలు. ఆ తర్వాత నీ పనికి నువ్వు పో తల్లీ."

"తేజ నన్ను సంపుతది. మా అమ్మను ఎందుకు తెచ్చినవే అని నెత్తి మీద మొట్టుతది."

"నేనే నీ చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చానని చెప్పు. గోళ్ళ గుర్తులు చూపించు."

*

ఆస్పత్రి నేలమాళిగలో పొడుగాటి నడవా. ఒక గోడకి వరసగా కొక్కేలు, వాటికి కిరణాల్ని ఆపే సీసపు ఏప్రన్లు వేలాడుతున్నాయి, మనుషుల్ని తీసేసి ఒట్టి చొక్కాలు ఆరేసినట్టు. తలుపు మీద పసుపుపచ్చ గుర్తు, మూడు రెక్కల ఫ్యాను బొమ్మలా ఉంది. ఆ గుర్తు చూడగానే ఈశ్వరమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"అది వాసన గాదు ఆంటీ. మెషీన్ ఆన్ చేస్తేనే వస్తది, బంద్ చేస్తే పోతది. గిప్పుడేం లేదు," అంది రిషిత.

తేజశ్రీ కూడా ఇంట్లో ఇదే చెప్పింది, వందసార్లు. తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, చిన్నపిల్లకి పద్యం నేర్పినట్టు నేర్పింది. యంత్రం దగ్గర తక్కువసేపు ఉండాలి. వీలైనంత దూరం జరగాలి. మధ్యన అడ్డం ఉండాలి. ఈ మూడూ పాటిస్తే ఏమీ కాదమ్మా, మేమంతా అద్దం వెనక నిలబడే మీట నొక్కుతాం అని. ఈశ్వరమ్మ మూడూ వల్లె వేసింది. మొదటి రెండూ పిల్ల చేతిలో ఉన్నాయి, మూడోది మాత్రం తల్లిగా తను చేయగలిగిన పని అనిపించింది. ఆ అనిపించడంలోనే వచ్చింది ఈ తంటా అంతా.

పాఠం అప్పజెప్పుకునే రోజుల్లో పిల్లకి బొమ్మ కూడా తల్లి ఒళ్ళే. వీపు తిప్పి కూర్చోమనేది. నడుము కింద నుంచి వేలు పెట్టి, "ఒకటి, రెండు, మూడు," అని వెన్నుపూసలు లెక్కపెడుతూ పైకి పోయేది. మార్చిలో ఒకరోజు మూడో ఎముక మీద వేలు పడగానే ఈశ్వరమ్మ "అబ్బా" అని ఎగిరిపడింది. చక్కిలిగింతలే అని బుకాయించింది. ఆ తర్వాత వీపు ఇవ్వడం మానేసింది. బియ్యం నానబెట్టాలనో, పాలు పొంగుతున్నాయనో లేచిపోయేది.

రిషిత ఒక తలుపు ముందు ఆగి, పేరు చదివి, కనుబొమలెత్తింది. "ఆంటీ, ఈ సార్ మనోడే. దక్షిణామూర్తి అని రాసి ఉంది. మీకు తెలుగుల మాట్లాడొచ్చు. ఇగ నేను పోతున్న."

తెలుగువాడు అని వినగానే ఈశ్వరమ్మకి ధైర్యం రావాలి. వచ్చింది వణుకు. ఇంగ్లీషు దొర అయితే అర్థం కాలేదని తప్పించుకోవచ్చు. తెలుగువాడి ముందు ఏ చాటుకి పోతాం?

తలుపు తోసింది.

*

లోపల తేజశ్రీ కుర్చీ అంచున కూర్చుని ఉంది. తల్లిని చూసి దిగ్గున లేచింది.

"అమ్మా! నువ్వేంటి ఇక్కడ? ఎవరు తీసుకొచ్చారు?"

"బస్సు తీసుకొచ్చింది."

"సార్, సారీ సార్. మా మదర్. షి ఈజ్ విజిటింగ్. అమ్మా, ఇది మీటింగ్. నువ్వు బయట కూర్చో. ప్లీజ్."

బల్ల వెనక అరవై దాటిన మనిషి. బట్టతల, మెడకి తాడుతో వేలాడే కళ్ళజోడు, పక్కన ఫ్లాస్కు. హైదరాబాద్‌లో చదివి, అమెరికాలో పదేళ్ళుండి, ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా యంత్రాలకీ మనుషులకీ మధ్య దూరాలు కొలుస్తున్న దక్షిణామూర్తి ఆయనే. లేచి నిలబడి చేతులు జోడించాడు.

"నమస్కారమమ్మా. తేజశ్రీ, నీకు అభ్యంతరం లేకపోతే కూర్చోనీ. తల్లిని నడవాలో నిలబెట్టి నేను మాట్లాడలేను."

తేజశ్రీ పక్క కుర్చీ ఇవతలికి జరిపింది. ఈశ్వరమ్మ కూర్చుంది. సంచి ఒళ్ళోనే ఉంచుకుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

"మళ్ళీ మొదటి నుంచి అడుగుతున్నాను," అన్నాడాయన. "కదిలే పిల్లల్ని పట్టుకోమని నిన్నెవరైనా లోపల నిలబెట్టారా?"

"లేదు సార్. ఒక్కసారి ఒక బాబు ఏడుస్తుంటే నేనే వెళ్ళబోయాను. మా సీనియర్ ఆపింది. వాళ్ళ నాన్నకి ఏప్రన్ వేసి ఆయన్నే పట్టుకోమంది."

"మంచిది. స్టాఫ్ పట్టుకోవడం అలవాటు చేసుకోకూడదు. రోజుకొక పిల్లాడి చొప్పున లెక్క ఎక్కడికో పోతుంది. బిళ్ళ రోజూ ఇక్కడి బోర్డుకి తగిలించే వెళ్తున్నావా?"

తేజశ్రీ తల దించుకుంది. "చాలావరకు ఇంటికే తీసుకెళ్ళాను సార్. పొద్దున్నే ఇంకో బిల్డింగ్‌లో డ్యూటీ ఉంటే టైమ్ సరిపోదని. అది నా తప్పే."

"అది చిన్న తప్పు. పెద్దది ఇది." ఆయన బిళ్ళని బల్ల మీద పెట్టాడు. "లోపలి ముక్క పక్క సందులోంచి జారి ల్యాబ్‌కి పోయింది. తొడుగు పాతదే, ఎవరూ విప్పలేదు. ఇప్పుడు నీ ముందే తెరుస్తాను. ఇందులో ఏమైనా ఉంటే ముందే చెప్పు."

"ఏమీ లేదు సార్. ఏముంటుంది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళని ఈశ్వరమ్మ చిన్నప్పటి నుంచి వెక్కిరించింది. ఇప్పుడు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తనకే తెలియడం లేదు. ఆయన గోటితో తొడుగు అంచు ఎత్తాడు. టక్కున విడింది. నాలుగంచులూ మడిచిన రాగిరేకు బల్ల మీద పడి, ఒకసారి ఊగి, ఆగింది. ఆ మడతల మధ్య నుంచి ఇంత కుంకుమ రాలింది.

తేజశ్రీ ఆ కుంకుమ వైపు చూసింది, తర్వాత తల్లి వైపు.

"నువ్వా?"

"నీ మంచికే గదమ్మా..."

"నువ్వా అమ్మా? రాత్రంతా నేను ఏడుస్తుంటే పక్కనే పడుకుని నా తల నిమిరావు. నీకు తెలిసీ?"

"ఎట్లా చెప్పనే? చెబితే నువ్వు..."

"నన్ను చీటర్ అనుకుంటున్నారమ్మా వీళ్ళు! డోస్ దాచడానికి నేనే మెటల్ పెట్టాననుకుంటున్నారు! ఇంటికి పంపించేస్తారు, తెలుసా? నువ్వు కందుకూరులో అందరికీ చెప్పుకో, మా అమ్మాయిని ఆంజనేయస్వామి కాపాడాడని!"

ఆ మాటలకి ఈశ్వరమ్మ వానలో నిలబడ్డట్టు తలొంచుకుని తడిసింది. తర్వాత కుర్చీలోంచి లేచి, ఆయన ముందు చేతులు జోడించింది.

"అయ్యా, పిల్లకేం తెలియదు. నా చేత్తో నేను పెట్టా. ఏం రాసుకుంటారో నా పేరు మీద రాసుకోండి. ఈశ్వరమ్మ. కావాలంటే వేలిముద్ర కూడా వేస్తా. సంతకం కూడా వచ్చు."

దక్షిణామూర్తి నవ్వలేదు. రేకుని జాగ్రత్తగా విప్పాడు. మేకుతో పొడిచిన చిన్న చిన్న చిల్లుల ముగ్గు, మధ్యలో త్రికోణం.

"నేను ఊహించానమ్మా. ల్యాబ్ వాళ్ళు పంపిన బొమ్మ చూడగానే. వాళ్ళకి ఇదేమిటో తెలియదు, గుర్తు తెలియని లోహం అని రాశారు. మా నాయనమ్మ మెళ్ళో ఇలాంటిదే ఉండేది, చిన్నప్పుడు దాంతో ఆడుకున్న చెయ్యి ఇది." ఆయన గొంతు కొంచెం మెత్తబడింది. "కానీ ఒక మాట చెప్పాలి మీకు. ఈ బిళ్ళ ఎవర్నీ కాపాడదు. ఇది ఒట్టి సాక్షి. ఎవరి మీద ఎంత పడిందో చూసి చెబుతుంది, అంతే. మీరు వెళ్ళి సాక్షి కళ్ళకి గంతలు కట్టారు."

"అయితే నా రేకు వల్లే లెక్క ఎక్కువ వచ్చిందా అయ్యా? అది తీసేస్తే పిల్ల బాగున్నట్టే గదా?" ఆశ మనిషిని ఎంత తొందరగా పట్టుకుంటుందో చూడండి.

ఆయన తల అడ్డంగా ఆడించాడు. "రాగి తగ్గిస్తుంది. పెంచదు. రేకు చాటున ఉన్నచోట కూడా ఇంత వచ్చిందంటే, అసలు పడింది ఇంకా ఎక్కువ."

ఈశ్వరమ్మ కూర్చుండిపోయింది. ఇంకా ఎక్కువ! రేపు పిల్లకి జుట్టు రాలుతుందా, రక్తం పాడవుతుందా, పెళ్ళయితే పిల్లలు పుట్టరా? ఒక్క గుటక వేసేంతలో ఆవిడ మనసు కూతురి జీవితం అంతా నడిచి, స్మశానం దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"కంగారు పడకండి. ఇది మనిషిని పడగొట్టేంత కాదు. రోగులకి మేం రోజూ ఇచ్చేదే," అన్నాడాయన. "నా సమస్య అది కాదు. ఇది చూడండి."

కంప్యూటర్ తెర వాళ్ళ వైపు తిప్పాడు. బూడిదరంగు చతురస్రం, దాని మీద చుక్కల ముగ్గు, త్రికోణం. రక్షరేకు నీడ. ఒక్కొక్క చిల్లూ విడివిడిగా, గీత గీసినట్టు ఉంది.

"తేజశ్రీ, నువ్వు చదువుకున్నావు. బిళ్ళ పెట్టుకుని మూడు నెలలు అటూ ఇటూ తిరిగిన మనిషికి నీడ ఎలా వస్తుంది?"

"బ్లర్ అవుతుంది సార్," అంది తేజశ్రీ నెమ్మదిగా. ఆమె కోపం ఎక్కడో ఆగి, కళ్ళు తెర మీద నిలిచాయి. "అన్ని వైపుల నుంచీ కొంచెం కొంచెం పడుతుంది కాబట్టి అంచులు అలుక్కుపోతాయి. ఇది... ఇది షార్ప్‌గా ఉంది."

"పరిగెత్తే పిల్లాణ్ణి ఫొటో తీస్తే ఎలా వస్తుంది, ఊపిరి బిగబట్టి కూర్చున్నవాణ్ణి తీస్తే ఎలా వస్తుంది? అదీ తేడా. ఈ డోస్ అంతా ఒకే దెబ్బలో పడింది. ఎదురుగా. కదలకుండా ఉన్నప్పుడు. ఆ రోజు రేకు లోపలే ఉంది." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మా గదుల్లో అలా ట్యూబు కింద కదలకుండా పడుకునే మనిషి ఒక్కరే. రోగి. నువ్వెక్కడైనా ఎక్స్-రే తీయించుకున్నావా?"

"లేదు సార్."

"అయితే ఇంకోటి అడగాలి, అడగడం నాకిష్టం లేదు. మీ బ్యాచ్ పిల్లలు, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు, ఒకరి మీద ఒకరు ప్రాక్టీస్ చేశారా? నిజంగా మెషీన్ ఆన్ చేసి?"

తేజశ్రీ మొహం పాలిపోయింది. "లేదు సార్! ఒట్టు! పొజిషన్ పెట్టుకుంటాం, అంతే. ఎక్స్‌పోజర్ ఎప్పుడూ ఇవ్వలేదు. ఇస్తే డైరెక్ట్‌గా ఎక్స్‌పెల్ అని మొదటి రోజే చెప్పారు."

"నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను." ఆయన ఒక కాగితం ముందుకి లాక్కున్నాడు. "రక్షరేకు సంగతి నేను రాయగలను. తల్లి తెలియక పెట్టింది అంటే నమ్ముతారు. కానీ ఈ నీడకి కారణం అన్నచోట ఖాళీ వదిలితే, కాలేజీ వాళ్ళు ఈ ప్రాక్టీస్ మాటే నింపుకుంటారు. పన్నెండింటికి వాళ్ళ మనిషి వస్తోంది. ఎవరైనా నీ బిళ్ళ తీసుకున్నారా? ఆలోచించు."

గోడ మీద గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది.

ఊపిరి బిగబట్టి, కదలకుండా.

ఆ రెండు మాటలూ ఈశ్వరమ్మ చెవిలో పడి, లోపలికి పోయి, ఎక్కడో తగిలాయి. చల్లటి బల్ల. పైన నల్లటి పెట్టె. గాజు వెనక ఒక పిల్ల చేత్తో సైగ చేస్తోంది, కదలొద్దని. పక్క గదిలోంచి కమలకుమారి గారు తెలుగులో అరుస్తున్నారు. "వదినా, ఊపిరి బిగబట్టమంటోంది! బిగబట్టు!" గాజులు తీయించారు. గొలుసు తీయించారు. పసుపుతాడు చూసి కాసేపు తమలో తాము మాట్లాడుకుని, జాకెట్ లోపలికి తోయించారు. లంగా బొందు దగ్గర దోపుకున్నది మాత్రం ఎవరికీ కనిపించలేదు. ఆ రోజు గురువారం, తేజశ్రీకి కాలేజీ, ఆస్పత్రి అంగీ కొక్కేనికి వేలాడుతోంది. ఎక్స్-రే అంటే చచ్చేంత భయం ఈశ్వరమ్మకి. రోజూ పిల్లని కాపాడేది ఒక్కపూట తల్లిని కాపాడదా అనుకుని, బిళ్ళ తీసి నడుముకి దోపుకుని వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా మళ్ళీ అంగీకే తగిలించేసింది.

అంటే ఆ నీడ పిల్లది కాదు.

మొదట వచ్చింది సంతోషం. పిల్ల మీద ఏమీ పడలేదు! జుట్టు రాలదు, రక్తం పాడవదు! దాని వెనకే రెండోది వచ్చింది, ఎప్పటిలా జంటగా. ఈ మాట బయటపెడితే, అమ్మా నీకెందుకు ఎక్స్-రే అని పిల్ల అడుగుతుంది. అడిగాక ఆగదు. పెద్ద స్కాన్ అంటుంది, డాక్టర్లంటుంది, ట్రైనింగ్ వదిలేసి తల్లి మంచం పక్కన కూర్చుంటుంది. మూడు నెలలుగా నడుముకి గుడ్డ బిగించి, పళ్ళు బిగించి ఆవిడ కాపాడుకొచ్చింది ఆ ఒక్క జూన్ నెలనే. చెబితే అలా పోతుంది, చెప్పకపోతే పన్నెండింటికి ఇలా పోతుంది. అడకత్తెరలో పోకచెక్కకి కూడా ఇంతకన్నా చోటు ఉంటుంది.

"రిషితేమైనా తీసిందేమో సార్," అంది తేజశ్రీ, మాట తడబడుతూ. "నా రూమ్మేట్. అది తప్ప మా గదిలోకి ఎవరూ..."

"రిషిత మాట ఎత్తకు," అంది ఈశ్వరమ్మ.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

పరాయి తల్లి బిడ్డ. షిఫ్టు మానుకునైనా వస్తానని పొద్దున అన్న పిల్ల. మోచేతి మీద తన గోళ్ళ గుర్తులింకా పోయి ఉండవు.

"ఆ బిళ్ళ పెట్టుకుని పడుకున్నది నేనే."

"ఎక్కడ పడుకున్నావు? మంచం మీదా?" తేజశ్రీకి అర్థం కాలేదు. "అమ్మా, ప్లీజ్, నన్ను కాపాడాలని కథలు చెప్పకు. ఇది ఎక్స్-రే డోస్."

"ఎక్స్-రే బల్ల మీదే పడుకున్నా. ఫిబ్రవరిలో. నడుం పట్టేస్తే కమలకుమారి గారు తీసుకెళ్ళారు. నీ బిళ్ళ ఉంటే ఏం కాదని నడుముకి పెట్టుకెళ్ళా."

"నడుం పట్టేస్తే ఐస్ పెడతారు, ఎక్స్-రే తీస్తారా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేంత ఏముందని. వయసొచ్చిన నడుము."

దక్షిణామూర్తి కాగితం మీద పెన్ను ఆపాడు. "ఆ క్లినిక్ పేరు చెప్పగలరా అమ్మా? వాళ్ళ దగ్గర ఫొటో ఉంటుంది. అందులో బిళ్ళ కనిపిస్తే చాలు, మీ కూతురి కేసు ఇక్కడే ముగిసిపోతుంది. కానీ రికార్డు తెప్పించాలంటే రెండు మూడు రోజులు..."

గడియారం పదకొండూ నలభై ఎనిమిది.

ఈశ్వరమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. పులిహోర డబ్బా పక్కకి జరిపింది. కవరు అంచు వేళ్ళకి తగిలింది. కాగితాన్ని వేలితో అడుగుకి తోసేసి, సీడీ ఒక్కటే బయటికి తీసింది. ఫొటోలో బిళ్ళ ఒక్కటే కనిపించాలి స్వామీ, ఇంకేమీ కనిపించకూడదు అని మొక్కుకుంది. నీ రేకు నీ దగ్గరికే తెచ్చి ఇచ్చేస్తాను.

"ఇదిగో అయ్యా. మీరు చూస్తే చాలు. తేజా, నువ్వు వెళ్ళి నాకు కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టు."

"ఫ్లాస్కులో ఉన్నాయి," అంది తేజశ్రీ, కదలకుండా. ఆమె చూపు తల్లి సంచి మీద ఉంది. "సీడీ ఎందుకిచ్చారు నీకు? మామూలు నడుం నొప్పికి సీడీ ఇవ్వరే."

దక్షిణామూర్తి సీడీ యంత్రంలో పెట్టాడు. అది గరగరమంది. తెర నల్లబడి, తర్వాత మెల్లగా తెల్లటి ఎముకలు తేలాయి. ఈశ్వరమ్మకి తన ఎముకలు తానే చూసుకోవడం ఏదోలా అనిపించి తల తిప్పుకుంది.

"అదిగో," అన్నాడాయన, ఆయన గొంతులో పొద్దుటి నుంచి లేని తేలిక వినిపించింది. "కింద, ఎడమ పక్కన. చతురస్రం. దాని లోపల మీ ముగ్గు, చుక్కతో సహా. తారీఖు కూడా ఉంది. నీ మీద పడలేదు తేజశ్రీ. ఒక్క చుక్క కూడా పడలేదు. మీ అమ్మ రేకే నీకు సాక్ష్యం చెప్పింది."

ఈశ్వరమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. పెట్టి, పిల్ల సంతోషం చూద్దామని అటు తిరిగింది.

తేజశ్రీ ఆ చతురస్రం వైపు చూడటం లేదు. లేచి నిలబడింది. తెరకి దగ్గరగా వంగింది. కుడిచేతి చూపుడువేలు, గాజుకి తగలకుండా, కింది ఎముక దగ్గర మొదలుపెట్టి పైకి పోతోంది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేకుండా. ఇంట్లో మంచం మీద తల్లి వీపు పట్టుకుని అప్పజెప్పిన పాఠమే.

ఒకటి.

రెండు.

మూడో ఎముక దగ్గర వేలు ఆగింది.

అప్పుడే దక్షిణామూర్తి కూడా చూశాడు కాబోలు. ఆయన చెయ్యి గబుక్కున మౌస్ మీదికి పోయింది, తెర మూసేయడానికి. తేజశ్రీ ఎడమచేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది.

"మూయకండి సార్," అంది. ఆ గొంతు ఈశ్వరమ్మ ఎప్పుడూ వినలేదు. అది కూతురి గొంతు కాదు, రోజూ రోగులతో మాట్లాడే మనిషి గొంతు. "ఈ పేషెంటుకి ఆ రోజు ఇంకేమైనా కాగితం ఇచ్చారా?"

తలుపు మీద ఎవరో వేలితో తట్టారు. కాలేజీ మనిషి వచ్చేసింది. తేజశ్రీ అటు తిరగలేదు. తల్లి ఒళ్ళోని గుడ్డసంచి వైపు చెయ్యి చాపి, అలాగే నిలబడింది.